రెండో తుమ్ము వచ్చేదాకా

అక్క పెద్దకర్మ భోజనంలో అప్పడాలు మెత్తబడి ఉన్నాయి. బతికుండగా ఇలాంటి అప్పడం తన ఆకులో పడితే అక్క ఊరుకునేది కాదు. రెండు గ్లాసులు దగ్గరికి లాక్కుని, వాటి మీద అప్పడాన్ని అడ్డంగా పెట్టి, సరిగ్గా నడుమ చూపుడువేలితో నొక్కేది. అది టక్కున విరిగిందా, సరే. విరక్కుండా పేలికలా వేలాడిందా, వడ్డించేవాడికి మూడిందన్నమాటే. "ఏంపా, ఇది అప్పడమా, చేతిగుడ్డా? తీసకపోయి మీ వంట మాస్టరు మొహం తుడుచుకోమను" అనేది. పెళ్ళిళ్ళలో ఆమె పక్కన కూర్చోవాలంటే మాకు సిగ్గు. అయినా అందరం ఆమె పక్కనే చోటు వెతుక్కునేవాళ్ళం. తాళి కట్టడంలో కూడా అంత వినోదం ఉండేది కాదు మరి.

కర్మ భోజనంలో వడ్డన చూసుకుంటున్నది ఆమె తమ్ముడు. తలకొరివి పెట్టిందీ, ఆ తర్వాతి తంతంతా నడిపించిందీ అతనే. గుండుతో, పంచె ఎగ్గట్టి, సాంబారు ఆ వరసకి, రసం ఈ వరసకి అంటూ పని చేయించుకుపోతున్నాడు. కంట చెమ్మ లేదు. ఏళ్ళ తరబడి అక్కతో ఒక్క మాట మాట్లాడని మనిషి, వచ్చి ఇంతమాత్రం చేశాడు, చాలదా అని కొందరు. వాడు మనిషి కాదు, బండరాయి అని ఇంకొందరు. నేను అప్పడాన్ని చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది. అప్పడం చూసి ఏడుస్తోందని పక్కావిడ నాకు ఇంకోటి వేయించింది.

నేనెవరో చెప్పాలి. మద్రాసు చూలైలో అక్క నడిపిన మట్టి పరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేసేదాన్ని, జాకు పంపు కొట్టేదాన్ని, తిట్టడానికి ఇంకెవరూ దొరకనప్పుడు తిట్లు తినేదాన్ని. మా ఇల్లు వాషర్‌మెన్‌పేట్. మాకూ వాళ్ళకూ చుట్టరికం ఏమీ లేదు. మద్రాసులో పుట్టి పెరిగిన ఒక తెలుగు ఆడది ఇంకో తెలుగు ఆడదాన్ని అక్కా అనడానికి చుట్టరికం అక్కర్లేదు, ఆ పక్క బెంచీ మీద కాస్త చోటు ఉంటే చాలు.

మనిషి పొట్టి, వెడల్పు. నైలెక్సు చీర చీలమండల పైకి ఎగ్గట్టి, కాళ్ళకు కాన్వాసు బూట్లు. చేతికి మగవాళ్ళ గడియారం. కళ్ళజోడు జారిపోకుండా సిమెంటు బస్తా కుట్టే దారంతో మెడకు కట్టుకునేది. మెడలో గొలుసుకు వరసగా పిన్నీసులు. అవి చీరకోసం కాదు. విరిగిన మట్టిని గుచ్చి చూడటానికి. ఇంజనీరింగు చదివి, పాలిటెక్నిక్కులో పాఠాలు చెప్పి, ఒకరోజు ప్రిన్సిపాలు కూర్చున్న కుర్చీ కాళ్ళ మధ్య దూరం సరిగ్గా లేదనీ, ఆయన బరువుకు అది ఫలానా చోట విరుగుతుందనీ స్టాఫు అందరి ముందూ చెప్పి, ఆ ఉద్యోగం పోగొట్టుకుంది. కుర్చీ ఆ ఫలానా చోటే విరిగిందని అక్క చెప్పేది. ఆయన్ని మేమెవరం చూడలేదు కాబట్టి నమ్మాం.

ల్యాబు పెట్టిన చోటు వాళ్ళ నాన్న మిరపకాయల గోడౌను. పైన వాళ్ళ ఇల్లు, కింద గోడౌను. నాన్న పోయాడు, వ్యాపారం పోయింది, బస్తాలు పోయాయి. కారం మాత్రం పోలేదు. గోడల సందుల్లో, దూలాల మీద, తలుపు సందుల్లో అలాగే ఉండిపోయింది. ఎవరైనా ఫ్యాను వేశారా, లేచి ముక్కుల్లోకి వచ్చేది. లోపలికి వచ్చినవాడు తుమ్మకుండా బయటికి పోయింది లేదు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒంటి తుమ్ము మంచిది కాదని మనవాళ్ళందరికీ ఉంది. ఎవరైనా ఒక్కసారి తుమ్మితే బయల్దేరినవాడు ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి లేస్తాడు. మిరపకాయల గోడౌనులో ఈ పట్టింపు పెట్టుకుంటే రోజుకు ఒక్క బస్తా కూడా గడప దాటదు. అందుకని వాళ్ళ నాన్న ఉపాయం కనిపెట్టాడు. రెండు తుమ్ములకు దోషం లేదు కదా, కాబట్టి మొదటిది తుమ్మినవాడు రెండోది కూడా తుమ్మి తీరాలి. దానంతటది రాకపోతే రప్పించాలి. తలుపు పక్కన మేకుకు సన్నగా పేనిన కాగితపు వత్తుల కట్ట ఒకటి వేలాడదీశాడు. వ్యాపారులు బేరం మధ్యలో ఒకటి లాగి ముక్కులో తిప్పుకుని, రెండోది తుమ్మి, చేతులు కలుపుకునేవారట. గోడౌనుతో పాటు ఆ మేకూ, ఆ వత్తులూ అక్కకు వచ్చాయి.

దేవుళ్ళంటే అక్కకు బొత్తిగా లెక్క లేదు. ల్యాబులో మట్టి కలిపే ముత్తు ఆయుధపూజకు మెషీనుకు విభూతి పట్టీలు వేస్తే, "దానికేమన్నా జలుబా, నుదుటికి పూసినావు?" అనేది. గుడికి రమ్మంటే, ఆ మండపం స్తంభాల మీది రాతి దూలంలో పగులు ఉంది, నేను కింద నిలబడను అనేది. ఇంత చేసీ ఒంటి తుమ్ము దగ్గర మాత్రం బిక్కచచ్చిపోయేది. ఎందుకక్కా అంటే సైన్సు చెప్పేది: "చేత్తో కొట్టే పంపు గదే ఇది. చెయ్యి పంపు మీద పెట్టుకోని తుమ్మినావంటే జర్కు వస్తాది. బీము ముందే పోతాది. ఇద్దో అందుకు." సరే, బాగానే ఉంది. ఆటో ఎక్కేటప్పుడు డ్రైవరు తుమ్మితే దిగిపోయేది, దానికేం సైన్సో మాకు చెప్పలేదు.

మా పని సిమెంటు కలిపిన మట్టిని విరగ్గొట్టడం. రోడ్ల కిందా, లారీలు నిలిపే యార్డుల కిందా కంకర బదులు ఉన్న మట్టికే కాస్త సిమెంటు కలిపి, తడిపి, రోలరుతో అణిచి పరుస్తారు. అది గట్టిపడి రాయిలా కనిపిస్తుంది. దాన్ని ఘనాలుగా పోత పోసి పైనుంచి నొక్కితే బ్రహ్మాండంగా ఓర్చుకుంటుంది. కాంట్రాక్టర్లందరికీ ఈ పరీక్ష ఇష్టం. అక్కకు ఇష్టం లేదు. "నొక్కితే ఎవుడైనా నిలబడతాడు. వంచి జూడు, అప్పుడు తెలస్తాది వాడి సంగతి" అనేది. మట్టికైనా, మనిషికైనా, పెళ్ళిచూపుల్లో మా పిన్ని కూతురికి కుదిరిన మొగుడికైనా ఇదే మాట.

వంచడమంటే, మట్టిని పొడుగాటి దిమ్మెగా, అంటే బీముగా, పోసి, రెండు రోలర్ల మీద అడ్డంగా పెట్టి, పైనుంచి రెండు చోట్ల నొక్కడం. పైభాగం ముడుచుకుంటుంది, అడుగు సాగుతుంది. సాగడం ఈ మట్టికి చేతకాని విద్య. ఇనుములా ముందు కొంచెం వంగి చూపించడం, మూలగడం ఏమీ ఉండదు. ఉన్నట్టుండి టక్. రెండు ముక్కలు. సిమెంటు ఇంకా ఎక్కువ పోస్తే ఇంకా మొండిగా తయారై, ఆరేటప్పుడే బీటలు వారుతుంది. పగులు ఎప్పుడూ అడుగునే మొదలవుతుంది, అడుగున ఎవరూ చూడరు. కాంట్రాక్టర్లంతా బరువు చూపే గేజి ముల్లు వంక చూస్తుంటే అక్క మాత్రం కుంకుమ భరిణె మూతలోని అద్దాన్ని దిమ్మె కింద పట్టుకుని, టార్చి వేసి, ఆ అద్దంలో చూస్తూ కూర్చునేది. "వచ్చినాడు, వచ్చినాడు, దొర వచ్చినాడు" అనేది, వెంట్రుకంత గీత కనిపించగానే. గేజికి ఆ సంగతి తర్వాత తెలిసేది.

ఊరికి ఉత్తరాన రేవు పక్కనున్న ఎన్నూరు నుంచి వచ్చే దిమ్మెలతోనే మాకు తంటా. ఆ రోడ్డు మీద కంటైనరు లారీలు వేసిన గుంటల్లో ఆటో ఎగిరెగిరి పడేది. దిమ్మెలు చూలై చేరేసరికి ముక్కలు. కొత్త రోడ్డు కోసం పోసిన దిమ్మెను పాత రోడ్డే విరిచి పంపేది. విసుగొచ్చి అక్క తనే వెళ్ళి, దిమ్మెను తడి తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చేది. ఒకసారి షేరాటోలో ఎదురుగా కూర్చున్న చేపలమ్మే ఆవిడ జాలిపడి, బిడ్డకు జ్వరమా అని అరవంలో అడిగింది.

"ఆమామ్మా, రొంబ మొండోడు. కదిలిస్తే విరిగిపోతాడు" అంది అక్క.

ఆవిడ చెయ్యి చాపి తువ్వాలు మీద పెట్టింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. "అయ్యో, ఇంత చల్లగా ఉండాడే!"

"సిమెంటు పాలు తాగినాడు గదా, అట్నే ఉంటాడు."

ఆవిడ తరవాతి స్టాపులోనే దిగిపోయింది. చేపల బుట్టతో కొంత దూరం పోయి మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది కూడా. నాకు నవ్వాగడం లేదు, ఆ కుదుపుకు దిమ్మె ఎక్కడ విరుగుతుందోనని భయం. అక్క మాత్రం బిడ్డతల్లి మొహం చెదరనివ్వలేదు, చూలై దాకా జోకొడుతూనే వచ్చింది.

ఆమెకు నిజంగా ఒళ్ళో పెట్టుకుని పెంచిన బిడ్డ ఒకడున్నాడు, ఆ తమ్ముడే. తల్లి పోయేనాటికి వాడు నడక కూడా రాని పసివాడు. మిరప బస్తాల మధ్య వాడి కళ్ళు మండకుండా తడిగుడ్డ కట్టి ఎత్తుకు తిరిగింది. వాడి తర్వాత ఇంకెవరినీ తన జీవితంలోకి రానివ్వలేదు. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "ఒకడ్ని పెంచినా, చాలు, ఇంకొకడ్ని పెంచే ఓపిక లేదు" అనేది.

తమ్ముడు పెద్దవాడై ఎవరెవరి కిందో సూపర్వైజరుగా తిరిగి, చివరికి సొంతంగా ఒక పని పట్టాడు. ఎన్నూరు దగ్గర లారీలు నిలిపే యార్డు. మొదట సిమెంటు మట్టితో ఒక చిన్న పట్టీ పరిచి చూపించాలి. అది పరీక్షలో నిలిస్తే యార్డంతా అతనిదే. నిలవకపోతే తవ్వి పారేసి ఇంటికి పోవాలి, మళ్ళీ ఇంకొకడి కింద చేతులు కట్టుకుని నిలబడాలి. అక్క యార్డు వాళ్ళ ఇంజనీరుకు ఫోను చేసి, వాడు నా తమ్ముడు, వేరే ల్యాబుకు పంపండి అని చెప్పింది. ఆయన నవ్వి, మీకన్నా గట్టిగా వాడిని పరీక్షించేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు మేడమ్, మీరే చెయ్యండి అన్నాడు. ఆ మనిషి అన్నది నిజమే కావడం మా దురదృష్టం.

ఘనాలన్నీ పాసయ్యాయి. తమ్ముడు మాకందరికీ బాదుషాలు తెచ్చాడు. దిమ్మెల రోజు మెషీను వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పంపు కొడుతున్నాను. ముల్లు మెల్లగా లేస్తోంది. అక్క అద్దంలో చూస్తోంది. తమ్ముడు తుమ్మాడు. ఒక్కటి.

అక్క చెయ్యెత్తింది. నేను పంపు వదిలేశాను.

"రెండోది తుమ్మురా చిన్నోడా."

"రాలేదక్కా. కానియ్యి, నీ చాదస్తం!"

ముత్తు వత్తి అందించాడు. తమ్ముడు గొణుక్కుంటూనే ముక్కులో తిప్పుకుని రెండోది తుమ్మాడు. నేను మళ్ళీ పంపు కొట్టాను. రెండు దెబ్బలు కూడా పడలేదు. టక్. ముల్లు ఉండాల్సిన చోటికి సగం దారిలోనే ఉంది.

"నడాన ఆపినావు గదా, అందుకే ఇరిగింది" అన్నాడు తమ్ముడు. "నీ తుమ్ములే నా బీముని ఇరగ్గొట్టినాయి."

"సెరి. ఇంకోటి పెట్టు."

ఇంకోటి కూడా అక్కడే పోయింది. మూడోది ఇంకాస్త ముందే పోయింది. ఈసారి ఎవరూ తుమ్మలేదు, గట్టిగా ఊపిరి కూడా పీల్చలేదు. అక్క గొలుసులోంచి పిన్నీసు తీసి విరిగిన మొహాన్ని గుచ్చింది. బూడిద రంగు మట్టి మధ్యలో నల్లటి బంకమట్టి ఉండలు, ఉడకని ఉప్మాలో రవ్వ ఉండల్లా. పిన్నీసు గుచ్చితే మెత్తగా దిగిపోయింది. లోపల సిమెంటు తగలనే లేదు.

"మట్టి చితక్కుండానే సిమెంటు జల్లినావు. వాన మబ్బు పట్టిండాది ఆ పొద్దు. తొందరపడినావు. అవునా, కాదా?"

తమ్ముడు విరిగిన ముక్కను కాలితో పక్కకు జరిపాడు.

"నొక్కితే ఈ ఉండలు లోపల్నే దాక్కుంటాయి. అడుగున ఉంటే, సాగేటప్పుడు ఈడ్నే మొదలైతాది."

"మీద ఇంకో పొర వేస్తాండా గదక్కా. అడుగున ఎవురు జూస్తారు?"

"లారీ జూస్తాది."

అప్పుడతను గొంతు తగ్గించాడు. మేం వినకూడదనుకున్నాడేమో, కానీ గోడౌనులో గుసగుస కూడా మోగుతుంది. "అక్కా, ఈ పని పోతే నేను మళ్ళ లేవలేను. నాకు నువ్వు తప్ప ఎవురుండారు? ఒక్కసారి. ఒక్క అంకె మార్చు."

అక్క కళ్ళజోడు తీసి, చీరకొంగుతో చాలాసేపు తుడిచింది. "నాకు మాత్రం ఎవురుండారురా?" అంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నాకు రిపోర్టు చెప్పడం మొదలుపెట్టింది. గొంతు ఎప్పటిలాగే ఉంది. వేళ్ళు మాత్రం పిన్నీసులను ఒక్కొక్కటే తెరిచి మూస్తున్నాయి. నాకా రోజు ఆవిడ మీద ఒళ్ళు మండింది. అంత ధర్మరాజు వేషం ఎవరికోసం అనుకున్నాను. ఆ రిపోర్టు టైపు చేసింది కూడా కోపంతోనే.

కాగితం తీసుకుని తమ్ముడు గడప దాకా పోయాడు. అక్కడ మళ్ళీ తుమ్మాడు. ఒక్కటి.

అక్క పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. మేకు నుంచి వత్తి లాగి, బూట్లు టపటపలాడిస్తూ వెళ్ళి అతని ముందు పట్టుకుంది. "నన్ను తిట్టుకో, కొట్టు, ఏమన్నా చెయ్యి. రెండోది తుమ్మి పోరా. ఒంటి తుమ్ము మీద పోవద్దురా."

అతను ఆ చేతిని తోసేశాడు. వత్తి వీధిలో పడింది. వెళ్ళిపోయాడు.

పట్టీ తవ్వించారు. యార్డు పని ఇంకొకడికి పోయింది. తమ్ముడు నీళ్ళ ట్యాంకర్ల వ్యాపారంలో చేరి, మట్టి మొహం మళ్ళీ చూడలేదు, అక్క మొహం కూడా. దీపావళికి కబురు పంపితే రాలేదు. ఫోను చేస్తే తీయలేదు.

అక్క కొన్నాళ్ళు మెషీనును తిట్టింది, వాన మబ్బును తిట్టింది, వత్తులు సరిగ్గా పేనలేదని ముత్తును తిట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున నన్ను వెంటేసుకుని ఎన్నూరు పోయింది. తవ్వి పోసిన కుప్ప నుంచి కాదు, దాని పక్కన తమ్ముడు తవ్విన గుంట నుంచే పచ్చి మట్టి రెండు గోతాలకెత్తింది. అక్కడి నుంచి సముద్రపు పాయ ఒడ్డుకు పోయి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళ దగ్గర కూర్చుని, చిరిగిపోయి పారేసే వలలున్నాయా అని అడిగింది. చూలైలో ఏం చేపలు పడతావమ్మా అన్నాడొక పెద్దాయన. "కాంట్రాక్టర్లని" అంది.

ఆ నైలాను వలలను కత్తెరతో వేలెడు ముక్కలుగా కత్తిరించడం నా పని అయింది. బొబ్బలెక్కాయి. మట్టిలో కలిపితే అవన్నీ ఒకదానికొకటి చుట్టుకుని తూములో అడ్డం పడిన జుట్టులా ఉండకట్టాయి. ముత్తు, ఇది ల్యాబా, సెలూనా అన్నాడు. మళ్ళీ విడదీసి, పోగులు పోగులుగా దులిపి, మట్టిని అక్క తనే కూర్చుని పిండిలా చితకగొట్టి, కొంచెం కొంచెంగా చల్లుతూ కలిపించింది. దిమ్మె పోసి, తడి గోనె కప్పి, రోజూ నీళ్ళు చల్లింది. ఆ చల్లడంలో తిట్లు లేవు. అదే మాకు వింతగా ఉండేది.

పరీక్ష రోజు నేను పంపు కొట్టాను. టక్ మంది. ఇదీ పోయిందనుకుని చెయ్యి తీశాను. ముల్లు పడింది. కానీ సున్నాకు పోలేదు. మధ్యలో ఎక్కడో ఆగి నిలబడింది.

"కొట్టు" అంది అక్క, అద్దంలోంచి తల ఎత్తకుండా.

కొట్టాను. పగులు వెడల్పయింది. పగుల్లోంచి నీలం నైలాను పోగులు బిగుసుకుని కనిపిస్తున్నాయి. ఇంకా కొట్టాను. రెండు సగాలు కిందికి వంగాయి, వదల్లేదు. ముత్తు "విడమాట్టేంగుదే" అన్నాడు. వదలనంటోందే అని.

"ఆపు" అంది అక్క. "చాలు. దీన్ని రెండు జెయ్యొద్దు."

ఆ సంగతి చెప్పి రమ్మని నన్ను తమ్ముడి దగ్గరికి పంపింది. ట్యాంకర్లకు నీళ్ళు పట్టే చోట గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను దిమ్మె అనగానే, "అక్కకు జెప్పు, నాకిప్పుడు నీళ్ళతోనే పని" అని గొట్టం ఇంకో ట్యాంకరులోకి తిప్పాడు. ఆ చప్పుడులో మిగతాది చెప్పలేకపోయాను.

అక్క ఆ పగిలిన దిమ్మెను తలుపు పక్కన, వత్తుల మేకు కింద, రెండు ఇటుకల మీద పెట్టింది. దాని మీద తన కాఫీ ఫ్లాస్కు పెట్టుకునేది. ఎవరినీ తాకనిచ్చేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏంటది మేడమ్ అంటే, "మా తమ్ముడి మట్టి" అనేది. వాళ్ళు పాపం మొహాలు దిగులుగా పెట్టి, ఎప్పుడు పోయారండీ అనేవారు. "వాడెందుకు పోతాడు, గుండ్రాయి మాదిరి ఉండాడు, ట్యాంకరు తోలతా ఉండాడు" అని కసురుకునేది. ఆ తర్వాత చాలాసేపు ఎవరినీ తిట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం భోంచేసి పైన ఇంట్లో ఈజీ చెయిర్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. ముందు మూలుగు లేదు, నోటీసు లేదు. ఆమె దిమ్మెల పద్ధతే. తమ్ముడు వచ్చాడు, అంతా చేశాడు, పైనే ఉన్నాడు. కింద గోడౌను తలుపు వైపు తలైనా తిప్పలేదు.

కర్మ భోజనాలయ్యాక ఎంగిలాకులు ఎత్తించి, నా దగ్గరికి వచ్చి, "గోడౌను తియ్యి. లారీని పిలిచినా. మొత్తం ఎత్తేస్తారు" అన్నాడు. తాళం నా దగ్గరే ఉంది. ముత్తు, నేను, అతను లోపలికి పోయాం. అతను నాలుగు మూలలూ చూసి, మెషీను పాత ఇనుముకు, అరలు పక్కింటివాళ్ళకు, అని చెప్పుకుంటూ పోయాడు. గొంతు వంటవాళ్ళతో మాట్లాడిన గొంతే. తిరిగి వస్తూ తలుపు పక్కన దిమ్మె చూశాడు. దాని మీద ఫ్లాస్కు అలాగే ఉంది.

"ఇరిగిపోయిందాన్ని ఎందుకు పెట్టుకోనుంది?"

"నీ మట్టే అది" అన్నాను. "యార్డు మట్టి. నువ్వు పోయినాక తీసుకొచ్చి పోసింది. లోపల వల ముక్కలుండాయి."

అతను ఫ్లాస్కు పక్కన పెట్టి దిమ్మెను ఒక కొస పట్టుకుని ఎత్తాడు. పగులు నోరు తెరిచింది, నీలం పోగులు బిగిశాయి. రెండో సగం కూడా వెంట లేచింది. ఊడిపోతుందనుకున్నాడు కాబోలు, గబుక్కున కింద ఇంకో చెయ్యి పెట్టాడు. అలా కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. మెల్లగా మళ్ళీ ఇటుకల మీద పెట్టాడు.

"లారీ వస్తే అన్నీ ఎక్కించండి" అని గడప వైపు నడిచాడు. ఒక కాలు బయట పెట్టాడు.

తుమ్మాడు. ఒక్కటి.

ముత్తు ఏళ్ళ అలవాటుకొద్దీ స్టూలు లాగి వేశాడు. నా చెయ్యి కూడా నన్నడక్కుండానే మేకు మీదికి పోయింది. వత్తి పట్టుకుని నిలబడ్డాను. వీధిలో లారీ హారను కొట్టింది. అతను గడప మీద అటూ ఇటూ కాకుండా నిలబడి, నా చేతిలోని వత్తి వైపు చూశాడు. మళ్ళీ తోసేస్తాడనే అనుకున్నాను.

బయట పెట్టిన కాలు లోపలికి తీసుకున్నాడు. వచ్చి స్టూలు మీద, దిమ్మె పక్కన కూర్చున్నాడు. లారీవాడు తొంగి చూసి, సార్, ఎక్కించమంటారా అన్నాడు. అతని గుండు కిందికి వంగిపోయింది, భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఆ కళ్ళనీళ్ళు కారానివి కావని ముత్తుకు కూడా తెలిసింది, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నేను వత్తి అందించాను. అతను తీసుకోలేదు. పంచె కొసతో ముక్కు తుడుచుకుని, నాతోనో, ముత్తుతోనో, "పొమ్మను. తొందరేం లేదు" అన్నాడు. "రెండోది దానంతటదే రానీ."